మానవ రీకాంబినెంట్ ప్రొటీన్లు: తయారీ, వాడకం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలోని మా చిన్న ప్రొటీన్ ల్యాబ్‌కు ప్రాజెక్టు పని మీద వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు, చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లు, ఊళ్లో తెలిసినవాళ్లు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది, కొన్నిటికి సరిపోదు. ఎక్కడ పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారో అక్కడ ఎక్కువ రాశాను.

మానవ ప్రొటీన్ అంటే మనిషి రక్తంలోంచో, కణజాలంలోంచో తీస్తారా?

రీకాంబినెంట్ ప్రొటీన్‌ను అలా తీయరు. మనిషి నుంచి తీసుకునేది సమాచారం మాత్రమే. ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో చెప్పే జన్యు వరసను డీఎన్ఏగా రాయించి, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో పెట్టి, బ్యాక్టీరియా లోపలికో వేరే కణంలోకో పంపిస్తాం. ఆ కణం మన వరస చదువుకుని మన ప్రొటీన్ తయారుచేస్తుంది. వరస మనిషిది, వండి పెట్టేది వేరే కణం. ఇలా చేసినదే రీకాంబినెంట్ ప్రొటీన్.

పూర్వం పరిస్థితి ఇలా ఉండేది కాదు. ఇన్సులిన్‌ను పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవారు. ఎదుగుదల హార్మోన్‌ను చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవారు. అలా తీసిన హార్మోన్ తీసుకున్న పిల్లల్లో కొందరికి ఏళ్ల తర్వాత క్రూట్స్‌ఫెల్ట్ యాకబ్ అనే ప్రాణాంతక మెదడు జబ్బు వచ్చింది. అమెరికాలో 1985లో దాన్ని ఆపేశారు. రీకాంబినెంట్ హార్మోన్‌కు అనుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే. మానవ ఇన్సులిన్‌ను 1978లో ఈ. కోలి బ్యాక్టీరియాలో తయారుచేశారు, 1982లో అది మందుగా అనుమతి పొందింది. మన దేశంలో 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్ బి టీకా కూడా ఈ దారిలో వచ్చినదే. కాకపోతే అందులోది మనిషి ప్రొటీన్ కాదు, వైరస్ ప్రొటీన్.

మన జిల్లాలో దీనితో పనేముంది?

నన్నడిగితే మన జిల్లాకే ఎక్కువ పని. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ప్రతి ఊరికీ తెలిసిన బాధ అది. సుగరు లేదు, బీపీ లేదు, అయినా మూత్రపిండాలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. రక్తంలో క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందుకే సిస్టాటిన్ సి, కిమ్ 1, ఎన్‌గాల్ లాంటి ప్రొటీన్లను రక్తంలో, మూత్రంలో కొలిచి ముందుగా పసిగట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

కొలవాలంటే కొలబద్ద ఉండాలి. ఎలైజా (యాంటీబాడీతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) ప్లేటులో రోగి నమూనా పక్కన, ఎంతుందో మనకు ముందే తెలిసిన శుద్ధ ప్రొటీన్‌ను వరసగా పలుచన చేసి పెడతాం. ఆ పలుచనల రీడింగులతో ఒక గీత గీసి, దానితో పోల్చి రోగి విలువ చెబుతాం. ఆ శుద్ధ ప్రొటీన్ రీకాంబినెంట్‌దే. తూకంరాయి తప్పైతే తక్కెడ ఎంత మంచిదైనా ఏం లాభం? మా ల్యాబ్‌లో ఆ శుద్ధ ప్రొటీన్ ఉన్న ప్రతి ట్యూబు విషయంలో నేను పట్టుదలగా ఉండటానికి కారణం ఇదే.

ఏ కణంలో తయారుచేయాలో ఎలా తేల్చుకోవాలి?

ముందు ఒక మాట. ప్రొటీన్ అంటే పొడి కాదు, మడత. అమైనో ఆమ్లాల దండ ఒక నిర్దిష్టమైన తీరులో మడత పడితేనే అది పనిచేస్తుంది. మడత విప్పితే అవే అమైనో ఆమ్లాలు, అదే బరువు, కానీ పని సున్నా. గుడ్డు ఉడికించాక తెల్లసొనలోంచి ఏదీ బయటికి పోలేదు, అయినా అది మళ్లీ జారదు కదా. కింద రాసిన ప్రతి జాగ్రత్తా ఆ మడత కోసమే.

కాబట్టి మీ ప్రొటీన్‌ను మూడు ప్రశ్నలు అడగండి. దానికి చక్కెర గొలుసులు ఉన్నాయా? డైసల్ఫైడ్ బంధాలు (మడతను కట్టి ఉంచే గంధకపు బంధాలు) ఉన్నాయా? పరిమాణం ఎంత?

సిస్టాటిన్ సి తీసుకోండి. 120 అమైనో ఆమ్లాలు, సుమారు 13 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలత), చక్కెరలు లేవు. ఈ. కోలిలో హాయిగా చేసుకోవచ్చు. రెండు డైసల్ఫైడ్ బంధాలున్నాయి కనుక, ఆ బంధాలు ఏర్పడే వాతావరణం ఉన్న పెరిప్లాజంలోకి (బ్యాక్టీరియా రెండు పొరల మధ్య చోటు) పంపడమో, తర్వాత విడిగా మడత పెట్టడమో చేయాలి. కిమ్ 1 అలా కాదు. మూత్రంలోకి వచ్చే దాని ముక్క 90 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తుంది, అందులో చక్కెరల వాటా చాలా పెద్దది. ఈ. కోలికి ఆ చక్కెరలు తొడగడం చేతకాదు. దానికి హెచ్ఈకే 293, సీహెచ్ఓ లాంటి క్షీరద కణాలే కావాలి. మధ్యలో ఈస్ట్, కీటక కణాలు ఉన్నాయి. ఈస్ట్ చక్కెరలు తొడుగుతుంది గానీ మనిషి తొడిగే రకం కాదు.

ఖర్చు చూస్తే ఈ. కోలికి సాటి లేదు. 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, ఉప్పు, ఈస్ట్ సారం, ట్రిప్టోన్ వేస్తే చాలు. క్షీరద కణాలకు సీఓ2 ఇన్క్యూబేటర్, ఖరీదైన మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం), వారాల ఓపిక కావాలి. అయినా తక్కువ ఖర్చని కిమ్ 1ను ఈ. కోలిలో చేసి, చక్కెరల మీద కూర్చునే యాంటీబాడీతో పరీక్షించి, సిగ్నల్ రాలేదని బాధపడితే ఆ తప్పు కిట్టుది కాదు.

మానవ జన్యువును నేరుగా క్రోమోజోమ్ నుంచి తీసి బ్యాక్టీరియాలో పెట్టవచ్చా?

పనిచేయదు. మన జన్యువుల మధ్యలో ఇంట్రాన్లు అనే, ప్రొటీన్‌లోకి రాని ముక్కలు ఉంటాయి, వాటిని కత్తిరించే యంత్రాంగం బ్యాక్టీరియాకు లేదు. సీడీఎన్ఏ (ఇంట్రాన్లు లేని డీఎన్ఏ నకలు) వాడాలి, లేదా వరసను కృత్రిమంగా రాయించుకోవాలి. ఇప్పుడు రాయించుకోవడమే తేలిక. రాయించేటప్పుడే కోడాన్లను (ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తైన మూడక్షరాల మాటలను) ఈ. కోలికి అలవాటైనవిగా మార్చమనండి. అర్జినీన్‌కు వచ్చే ఏజీఏ, ఏజీజీ కోడాన్లు మనిషిలో మామూలే, ఈ. కోలిలో అరుదు. అవి వరసగా వస్తే తయారీ మధ్యలో ఆగిపోతుంది.

ఈ. కోలిలో ఒకసారి మొదటి నుంచి చివరి దాకా ఏం జరుగుతుందో చెప్పండి.

మేం వాడేది బీఎల్ 21 డీఈ 3 అనే ఈ. కోలి రకం (స్ట్రెయిన్). ప్రొటీన్లను నరికే రెండు ఎంజైములు ఇందులో లేవు, అందుకే మన సరుకు మిగులుతుంది. సాయంత్రం ఒక కాలనీని తీసి 10 మిల్లీలీటర్ల మీడియాలో వేసి రాత్రంతా షేకర్‌లో ఉంచుతాం. పొద్దున దాన్ని లీటరు మీడియాలో కలుపుతాం. పాలలో పెరుగు తోడేసినట్టే. తోడు మరీ పాతదైతే పెరుగు పులిసినట్టు, పాత స్టార్టర్‌తో దిగుబడి పడిపోతుంది. ప్లేటు కూడా తాజాదే వాడండి.

600 నానోమీటర్ల దగ్గర కాంతి సాంద్రత (కణాలు ఎంత పెరిగాయో చెప్పే రీడింగ్) 0.6 నుంచి 0.8కి రాగానే ఐపీటీజీ వేస్తాం. తయారీ మొదలుపెట్టమని కణానికి ఇచ్చే సైగ అది. చాలామంది 1 మిల్లీమోలార్ వేస్తారు. నేను 0.2తో మొదలుపెట్టమంటాను. వేసే ముందు 1 మిల్లీలీటరు పక్కకు తీసి పెట్టడం మరవకండి. జెల్ (ప్రొటీన్లను పరిమాణం వారీగా విడదీసే పలక) మీద ముందు, తర్వాత పక్కపక్కన చూస్తేనే కొత్త బ్యాండ్ ఏదో తెలుస్తుంది. 37 డిగ్రీల్లో అయితే 3, 4 గంటలు, 18 డిగ్రీల్లో అయితే రాత్రంతా. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో కణాలను అడుక్కు దించి, బఫర్‌లో (పీహెచ్ మారకుండా చూసే ద్రావణం) కలిపి, ఐస్ మీద పెట్టి సోనికేటర్ అనే శబ్ద తరంగాల యంత్రంతో పగలగొడతాం. 10 సెకన్లు కొట్టడం, 20 సెకన్లు ఆగడం. ఆగకపోతే గొట్టం వేడెక్కుతుంది, నురగ వస్తుంది. నురగ వచ్చిందంటే గాలికీ నీటికీ మధ్య మీ ప్రొటీన్ మడత విప్పుకుంటోందని అర్థం.

తర్వాత నికెల్ కాలమ్, అంటే నికెల్ పట్టించిన పూసలు నింపిన గొట్టం. ప్రొటీన్ చివర ఆరు హిస్టిడీన్ల తోక తగిలిస్తాం, అది నికెల్‌ను పట్టుకుంటుంది. ఇమిడజోల్ 20 మిల్లీమోలార్ ఉన్న బఫర్‌తో కడిగితే వదులుగా అంటుకున్నవి పోతాయి, 250తో మనది దిగుతుంది. కాలమ్ పూసలు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటాయి. తెల్లబడ్డాయంటే మీ బఫర్‌లో ఈడీటీఏ ఉండి నికెల్‌ను లాక్కుపోయింది. గోధుమ రంగుకు తిరిగాయంటే డీటీటీ అనే రసాయనం ఉంది. రంగు చూసే అలవాటు చేసుకోండి. కడిగే దశలో తొందర పడకండి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, చూసే ఉంటారు. ఎంత ఓపిగ్గా ఏకితే నూలు అంత సన్నగా వస్తుంది. ఈ కడగడమూ అలాంటిదే.

ప్రొటీన్ బాగానే తయారైంది కానీ అంతా పెల్లెట్‌లోనే (సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున చేరే ముద్దలోనే) ఉండిపోయింది. ఏం చేయాలి?

మనిషి ప్రొటీన్లతో ఇది రోజూ జరిగేదే. కణం తొందర తొందరగా తయారుచేసింది, మడత పెట్టే తీరిక దొరకలేదు, అన్నీ ఒకదానికొకటి చుట్టుకుని ఉండలు కట్టాయి. వీటినే ఇన్‌క్లూజన్ బాడీలు అంటారు.

ముందు తయారీ వేగం తగ్గించి చూడండి. 18 డిగ్రీలు, తక్కువ ఐపీటీజీ. దానికీ లొంగకపోతే ఎంబీపీ లాంటి కరిగే ప్రొటీన్‌ను జతకట్టి చేయండి. అదీ కాకపోతే ఉండలను 8 మోలార్ యూరియాలోనో 6 మోలార్ గ్వానిడీన్‌లోనో కరిగించి, ఆ యూరియాను డయాలిసిస్ చేసి (పలచటి పొర సంచిలోంచి బయటి బఫర్‌లోకి జారనిచ్చి) మెల్లమెల్లగా తీసేస్తూ మళ్లీ మడత పడనివ్వాలి. మెల్లగా అన్న మాట ఎందుకంటే, ఒక్కసారి నీళ్లలో పోస్తే పాలు విరిగినట్టు విరిగి తెల్లగా అడుక్కు దిగుతుంది. యూరియా ద్రావణాన్ని వేడి చేయకండి, నిల్వ ఉంచకండి. అందులో పుట్టే సైనేట్ మీ ప్రొటీన్‌కు అతుక్కుని దాన్ని మార్చేస్తుంది. ఆ పూట కలుపుకుని ఆ పూట వాడండి.

మా ఎన్‌గాల్ లేత గులాబీ రంగులో వచ్చింది. పాడైందా?

పాడవలేదు. నాకు ఈ ప్రశ్న అంటే చాలా ఇష్టం. ఎన్‌గాల్ మన ఒంట్లో చేసే పనుల్లో ఒకటి, బ్యాక్టీరియా ఇనుము కోసం వదిలే ఎంటెరోబాక్టిన్ అనే వలను పట్టేసి, దాని నోటికాడ ఇనుము లాగేయడం. బీఎల్ 21 ఎంటెరోబాక్టిన్ చేస్తుంది. దానిలో తయారైన ఎన్‌గాల్ పుట్టగానే తన పని తాను చేసి, ఆ ఇనుప వలను పట్టుకునే బయటికి వస్తుంది. ఆ రంగు ఆ ఇనుప వలదే. ఈ ప్రొటీన్ పని ఏమిటో తెలిసింది కూడా ఆ రంగును వదలకుండా వెంటపడినవాళ్ల వల్లే, 2002లో. ఖాళీ ఎన్‌గాల్ కావాలంటే ఎంటెరోబాక్టిన్ చేయని స్ట్రెయిన్ వాడాలి.

జెల్ మీద ఒకే బ్యాండ్ వచ్చింది. ఇక శుద్ధమైనట్టేనా?

జెల్‌కు ఎక్కించే ముందు మీరు దాన్ని ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో ఉడికించారు. అంటే మడత విప్పేసి చూశారు. కాబట్టి పరిమాణం సరిపోయిందని, వేరే ప్రొటీన్లు పెద్దగా లేవని మాత్రమే జెల్ చెబుతుంది. సరిగ్గా మడత పడిందా, గుంపులు కట్టిందా, పనిచేస్తోందా అనేవి చెప్పదు. గుంపుల సంగతి, మడత విప్పకుండానే పరిమాణం వారీగా వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ చెబుతుంది. పని సంగతి పని చేయించి చూస్తేనే తెలుస్తుంది. సిస్టాటిన్ సి అయితే బొప్పాయి పాలలోని పపైన్ ఎంజైమును ఆపుతుంది. ఆపుతోందో లేదో చూడండి, దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

గాఢత కొలవడానికి బ్రాడ్‌ఫర్డ్ మంచిదా, 280 నానోమీటర్ల రీడింగ్ మంచిదా?

రెండూ చేసి పోల్చండి. బ్రాడ్‌ఫర్డ్ అంటే ప్రొటీన్‌కు అతుక్కునే రంగుతో చేసే పరీక్ష. దాన్ని మనం ఆవు అల్బుమిన్‌తో పోల్చి చదువుతాం, మీ ప్రొటీన్ రంగును అల్బుమిన్ అంత పట్టకపోవచ్చు. 280 రీడింగ్ అంటే ప్రొటీన్ అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పేది, అది ట్రిప్టోఫాన్, టైరోసీన్ అనే అమైనో ఆమ్లాల మీద ఆధారపడుతుంది. ఇమిడజోల్ కూడా ఆ రీడింగ్‌ను పెంచుతుంది, డయాలిసిస్ చేసి తీసేశాకే కొలవండి.

మేం చేసిన ప్రొటీన్‌ను కణాలకు వేస్తే కణాలన్నీ వాచిపోయినట్టు స్పందిస్తున్నాయి. ప్రొటీన్ ప్రభావమేనా?

ఈ. కోలి గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ప్రభావం కావచ్చు. రోగనిరోధక కణాలకు అది అతి తక్కువ మోతాదులోనే మంట పెడుతుంది. ఆటోక్లేవ్‌కు (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం) లొంగదు, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా జారిపోతుంది. ఎల్ఏఎల్ పరీక్షతో కొలిచి, పాలీమిక్సిన్ బి పూసలతోనో ట్రైటాన్ ఎక్స్ 114తోనో తగ్గించాలి. ఒక కంట్రోల్ తప్పనిసరి: మీ ప్రొటీన్‌ను 95 డిగ్రీల్లో మరిగించి వేయండి. మడత చెడుతుంది, ఎండోటాక్సిన్ చెడదు. మరిగించాక కూడా కణాలు అలాగే స్పందిస్తే అది మీ ప్రొటీన్ చేస్తున్న పని కాదు.

కొన్న వయల్ తెరిస్తే లోపల ఏమీ లేదు. మోసపోయామా?

లేదు, ఉంది. 10 మైక్రోగ్రాముల ఎండు ప్రొటీన్ కంటికి కనిపించదు. అడుగున అంటీ అంటనట్టు ఒక పొర ఉంటుంది, లేదా దారిలో కుదుపులకు మూతకు అంటుకుని ఉంటుంది. అందుకే మూత తీయకముందే ఒక నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. మా దగ్గర ఒక అమ్మాయి వయల్ ఖాళీగా ఉందని మూత పారేసింది. సరుకంతా ఆ మూతలోనే ఉండి ఉంటుందని ఇద్దరం చెత్తబుట్ట వెతికాం. దొరకలేదు.

ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్‌ను గది వేడికి రానిచ్చి తెరవండి, లేకపోతే తేమ పడుతుంది. 10 మైక్రోగ్రాములకు 100 మైక్రోలీటర్ల స్టెరైల్ నీరు, లేదా కాగితంలో రాసిన బఫర్ పోయండి. వోర్టెక్స్ చేయకండి (యంత్రంతో గిరగిరా కలపకండి), పిపెట్‌తో బుడగలు రానీయకండి. గోడ వెంబడి తడిసేలా మెల్లగా తిప్పి 10, 15 నిమిషాలు వదిలేయండి. ఇప్పుడు మీ దగ్గర మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ద్రావణం ఉంది. 10 మైక్రోలీటర్ల చొప్పున పది ట్యూబుల్లో పంచండి, ఒక్కో దాంట్లో 1 మైక్రోగ్రాము. మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు కావాలంటే 10,000 రెట్లు పలచన చేయాలి. ఒకేసారి చేయకండి. 10 మైక్రోలీటర్లను 990లో కలపండి, అందులోంచి 10 తీసి మళ్లీ 990లో కలపండి.

పలచన చేసేది ఉత్త బఫర్‌లో కాదు, 0.1 శాతం అల్బుమిన్ కలిపిన బఫర్‌లో. ఇంత తక్కువ ప్రొటీన్ ప్లాస్టిక్ గోడకు అతుక్కుపోతుంది. అల్బుమిన్ ముందే ఆ గోడను కప్పేస్తుంది.

ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అని ఉంది. ఏసీ అవసరమా?

ఆ ప్రోటోకాల్ రాసినవాళ్ల గది 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో మన గది అంతకంటే పది డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఏసీ లేకపోతే నీళ్ల బాత్‌లో ఐస్ ముక్కలు వేసి 25కు తెచ్చి అందులో పెట్టండి. చిన్న సెంట్రిఫ్యూజ్ కూడా చల్లబరిచేదే వాడండి.

నిల్వ ఎలా? కరెంటు పోతే ఏం చేయాలి?

ఎండు పొడి మైనస్ 20లో చాలాకాలం ఉంటుంది. కరిగించాక మైనస్ 80లో, చిన్న ట్యూబుల్లో, ఒక్కసారి వాడేంత. కరిగించడం, గడ్డకట్టించడం పదే పదే చేస్తే మడత చెడుతుంది. మంచు గడ్డ కట్టేటప్పుడు ఉప్పు ఒక మూలకు నెట్టుకుపోతుంది. సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో అయితే ఒక లవణం ముందే పేరుకుని పీహెచ్ బాగా పడిపోతుంది. ఫ్రీజ్ చేసే ప్రొటీన్‌ను ట్రిస్‌లోనో హెపీస్‌లోనో ఉంచి, 10 శాతం గ్లిజరాల్ కలపండి. ఇంట్లో వాడే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ వద్దు. మంచు పేరుకోకుండా అది రోజూ కాసేపు వేడెక్కుతుంది.

కరెంటు సంగతి అనుభవం మీద చెబుతున్నాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగాయి, స్తంభాలు విరిగాయి. అప్పుడు నేను పనిచేస్తున్న చోట జనరేటర్‌కు డీజిల్ అయిపోయింది. ఫ్రీజర్ తలుపు తెరవలేదు కాబట్టి గండం గడిచిందనుకున్నాం. కరెంటు వచ్చాక తెరపై మైనస్ 80 చూపించింది, ట్యూబుల్లో అంతా గట్టిగానే ఉంది. మూడు వారాల పాటు ప్రతి ఎలైజాలో స్టాండర్డు గీత సగానికి పడుతుంటే యాంటీబాడీని తిట్టుకున్నాం. ప్రొటీన్ కరిగి మళ్లీ గడ్డకట్టిందని అప్పటికి తట్టలేదు. ఆ మూడు వారాల్లో వాడేసిన నమూనాలు ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చినవి. మళ్లీ తెచ్చుకోలేనివి.

అప్పటి నుంచి నా ప్రతి ఫ్రీజర్‌లో ఒక ట్యూబులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెడతాను. బిళ్ల పైనే ఉంటే సరే. మంచులో కూరుకుపోయి ఉంటే మధ్యలో అంతా కరిగిందని. అక్టోబర్, నవంబర్ నెలల్లో ముఖ్యమైన ప్రొటీన్లను రెండు వేర్వేరు చోట్ల సగం సగం ఉంచుతాం.

హైదరాబాద్ నుంచి తెప్పించేటప్పుడు?

ఎండు పొడి మామూలు ఐస్ ప్యాక్‌తో వచ్చినా ఇబ్బంది లేదు. ద్రవరూపం అయితే డ్రై ఐస్‌లో (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) రావాలి. అది మైనస్ 78 డిగ్రీలు, రాత్రికి రాత్రే చాలా ఆవిరైపోతుంది కాబట్టి వారం మొదట్లో పంపమనండి. శనివారం ఆమదాలవలస స్టేషన్‌లో దిగిన పెట్టె సోమవారం దాకా అక్కడే ఉంటే లోపల గాలి తప్ప ఏమీ మిగలదు. డ్రై ఐస్ పెట్టెకు గట్టిగా సీలు వేయకూడదు, గ్యాస్ నిండి పేలుతుంది. మూసిన కారులో పెట్టుకు వచ్చేటప్పుడు అద్దాలు దించండి. విప్పగానే డ్రై ఐస్ ఇంకా ఎంత మిగిలిందో ఫోటో తీసి ఉంచండి.

అనుమతులు కావాలా?

కావాలి. 1989 నాటి పర్యావరణ నిబంధనలు, బయోటెక్నాలజీ విభాగం 2017 మార్గదర్శకాల ప్రకారం జన్యుమార్పిడి పని చేసే ప్రతి సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. ప్రమాదం లేని ఈ. కోలి స్ట్రెయిన్లతో పని తేలికపాటి వర్గంలోకి వస్తుంది, కానీ కమిటీకి చెప్పకుండా చేయకూడదు. వాడిన కల్చర్‌ను 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేయకుండా సింకులో పోయకండి. మన ఊళ్ల మురుగు నాగావళిలోకే పోతుంది.

డయాలిసిస్ రోగికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ కూడా రీకాంబినెంట్ ప్రొటీనే కదా. ల్యాబ్ సరుకు తక్కువ ధరకు ఇప్పించగలరా?

ఒక తండ్రి నన్ను ఇది అడిగారు. కవిటి వైపు నుంచి వచ్చారు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేను, అందుకే ఆయనకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. ఇప్పించను బాబాయ్.

మూత్రపిండాలు చేసే ఎరిత్రోపోయిటిన్ తగ్గితే రక్తం తగ్గుతుంది, అందుకే ఆ ఇంజెక్షన్ ఇస్తారు. అది 165 అమైనో ఆమ్లాల ప్రొటీన్. దాని మీద నాలుగు చక్కెర గొలుసులు ఉండాలి. అవి సరిగా లేకపోతే ఒంట్లోకి వెళ్లిన కాసేపటికే శరీరం దాన్ని ఊడ్చేస్తుంది. మందు కంపెనీ ఆ చక్కెరలను, ఎండోటాక్సిన్‌ను, గుంపులు కట్టిన ప్రొటీన్‌ను ప్రతి బ్యాచ్‌లో పరీక్షిస్తుంది. పరిశోధనకు మాత్రమే అని రాసిన వయల్‌లో ఆ హామీ లేదు. గుంపులు కట్టిన ప్రొటీన్ ఒంట్లోకి వెళ్తే శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టి, తన సొంత ఎరిత్రోపోయిటిన్‌ను కూడా చంపే ప్రమాదం ఉంది. అలా జరిగిన రోగులకు ఆ తర్వాత రక్తం ఎక్కించడమే దిక్కైంది. మీ డాక్టరు రాసిన మందే వాడండి, ప్రభుత్వ డయాలిసిస్ కేంద్రంలో అడగండి.

మొదటిసారి ఏ మానవ ప్రొటీన్‌తో చేయి తిప్పుకోవాలి?

యుబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాలు, 8.5 కిలోడాల్టన్లు, సిస్టీన్ లేదు, చక్కెర లేదు, ఈ. కోలిలో కరిగే రూపంలో దండిగా వస్తుంది. కణాలను పగలగొట్టాక గొట్టాన్ని 80 డిగ్రీల్లో పది నిమిషాలు పెడితే బ్యాక్టీరియా ప్రొటీన్లు చాలావరకు తెల్లగా విరిగి అడుక్కు పోతాయి, యుబిక్విటిన్ పైనే తేటగా మిగులుతుంది. మడత ఎంత గట్టిగా ఉండగలదో కళ్లారా చూస్తారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అందులో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసీన్ ఒక్కటే ఉంది. 280 రీడింగ్ దాదాపు సున్నా చూపిస్తే పారబోయకండి. 15 శాతం జెల్ పోసి, అడుగు అంచు దగ్గర వెతకండి.